చిరునామా ఉన్న దుఃఖం

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ వాయువు వెలువడి, నిద్రలో ఉన్న బస్తీలను కమ్మేసింది. కొద్ది రోజుల్లోనే వేలమంది చనిపోయారు. అప్పుడు అక్కడికి చేరిన ఫొటోగ్రాఫర్లలో రఘు రాయ్, పాబ్లో బార్తొలొమ్యూ ఉన్నారు. సగం పూడ్చిన ఒక పసిబిడ్డను ఇద్దరూ ఫొటో తీశారు. రఘు రాయ్ తీసినది నలుపు తెలుపు. బార్తొలొమ్యూ తీసినది రంగుల ఫొటో. ఆ రంగుల ఫొటోకు 1984 సంవత్సరపు వరల్డ్ ప్రెస్ ఫొటో పురస్కారం వచ్చింది. నలుపు తెలుపు ఫొటో భోపాల్ దుర్ఘటనకే గుర్తుగా నిలిచిపోయింది.

బిడ్డ ఒకటే, గొయ్యి ఒకటే. చూసేవారి గుండెలో మాత్రం ఈ రెండు ఫొటోలూ ఒకేచోట తగలవు. నలుపు తెలుపు ఫొటోలో ఆ ముఖం రాతిలో చెక్కినట్లు ఉంటుంది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, చూపు లేదు. ముఖాన్ని తాకుతూ ఒక పెద్ద చెయ్యి. చుట్టూ మట్టీ రాళ్ళూ ఒకే బూడిద వర్ణంలో కలిసిపోవడంతో కాలం అక్కడే ఆగిపోయిందనిపిస్తుంది. భూమి మీద ఏ తండ్రి ఏ బిడ్డను పూడ్చినా ఇలాగే ఉంటుందేమో అనిపిస్తుంది. రంగుల ఫొటోలో మట్టికి మట్టి రంగు ఉంది, చర్మానికి చర్మపు రంగు ఉంది. అది నిన్న జరిగిన సంగతి. ఆ ఊరు మన దేశంలో ఉంది. ఆ కర్మాగారానికి యజమానులు ఉన్నారు.

రంగుల ఫొటోను చూడలేకపోతున్నామని, నలుపు తెలుపులోనే ఆ దుఃఖానికి గౌరవం దక్కిందని కొందరు అంటారు. నలుపు తెలుపు ఆ బిడ్డను శిల్పంగా మార్చిందని, చనిపోయిన పసివాడిని శిల్పంలా చూడడం తమకు నచ్చదని మరికొందరు అంటారు. రెంటినీ చూడకుండా పేజీ తిప్పేసేవారూ ఉన్నారు. వారికి హృదయం లేదనుకోవడం పొరపాటు. చాలాసార్లు వారి హృదయమే ముందు బరువెక్కుతుంది.

ఇలాంటి చర్చ వచ్చినప్పుడు మనకు నోటికొచ్చే మాట ‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి’. చదువుకున్నవారైతే ‘లోకో భిన్నరుచిః’ అంటారు. కాళిదాసు రఘువంశంలో ఈ మాట ఇందుమతీ స్వయంవర ఘట్టంలో వస్తుంది. అంగదేశపు రాజును దాటి ఇందుమతి ముందుకు నడిచింది. అతడు వరించదగినవాడు కాక కాదు, ఆమెకు చూసే నేర్పు లేకా కాదు, లోకంలో రుచులు వేరువేరు అంతే అని కవి సర్దిచెబుతాడు. తప్పు చూడబడినవాడిదీ కాదు, చూసినదానిదీ కాదు. స్వయంవరంలో నిలబడ్డ రాజు గురించి ఈ మాట అందంగా ఉంది. అతడు చూడబడడానికే వచ్చాడు, నచ్చకపోతే మరో స్వయంవరానికి వెళ్తాడు. భోపాల్ బిడ్డ చూడబడడానికి రాలేదు. డాక్యుమెంటరీ ఫొటోల విషయంలో ‘ఎవరి రుచి వారిది’ అనే మాట ఏదో ఒకచోట గొంతుకు అడ్డుపడేది ఇందువల్లే. అక్కడ ఇద్దరు కాదు, ముగ్గురు ఉన్నారు: చూసేవారు, తీసినవారు, ఫొటోలోని మనిషి. మొదటి ఇద్దరి రుచుల గురించి పుస్తకాలే వచ్చాయి. మూడో మనిషిని తలుచుకున్నప్పుడే అసలు తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

దుఃఖాన్ని చూసి ఆనందించడం ఎలా సాధ్యమన్న ప్రశ్నను మన ఆలంకారికులు శతాబ్దాలపాటు తరచి చూశారు. లోకంలో కలిగేది శోకం, నాటకంలో అనుభవించేది కరుణ రసం. రెండూ ఒకటి కావు. శోకం ఒకరిది. కరుణ ఎవరిదీ కాదు, అందుకే అందరిదీ అవుతుంది. భట్టనాయకుడు దీన్నే సాధారణీకరణం అన్నాడు. రంగం మీది దుఃఖం నాదీ కాక, పరాయివాడిదీ కాక, మనిషి దుఃఖంగా మారినప్పుడే రసం పుడుతుంది. కాశ్మీరానికి చెందిన అభినవగుప్తుడు మరో అడుగు ముందుకు వేసి, రసానుభవానికి అడ్డుపడే ఏడు విఘ్నాలను చెప్పాడు. వాటిలో రెండింటికి ఫొటోలతో నేరుగా సంబంధం ఉంది. ఒకటి, చూస్తున్నది ఫలానా దేశంలో, ఫలానా కాలంలో, ఫలానా వ్యక్తికి జరిగిందన్న పట్టింపు. రెండోది, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాల్లో కూరుకుపోయి ఉండడం.

హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను చూసిన తెలుగువారికి ఈ సిద్ధాంతాన్ని వేరే వివరించనక్కరలేదు. చంద్రమతి ఒడిలో లోహితాస్యుడి శవం. కాటికాపరి వేషంలో తండ్రి. తెల్లవార్లూ కూర్చున్న జనం కళ్ళు తుడుచుకుంటూనే, పద్యం బాగుంటే ‘వన్స్‌మోర్’ అని అరిచేవారు. చచ్చిన కొడుకు ముందు తండ్రి మళ్ళీ అదే పద్యం పాడేవాడు. అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు, నిజానికి తప్పూ లేదు. తెర పడగానే లోహితాస్యుడు లేచి ముఖానికి పూసిన రంగు కడుక్కోవడానికి వెళ్తాడని అందరికీ తెలుసు. అదే జనం మర్నాడు ఊరి శ్మశానంలో ఒక తల్లి ఏడుపు విని మళ్ళీ ఏడవమని అడగరు.

డాక్యుమెంటరీ ఫొటో చేసే పని ఊరి శ్మశానాన్ని తెచ్చి రంగస్థలం మీద పెట్టడం. చట్రం, వెలుగు, కూర్పు అన్నీ రంగస్థలానివే. శవం మాత్రం లేవదు. దేశకాలాల పట్టింపు రసానికి విఘ్నమని అభినవగుప్తుడు అన్నాడు. డాక్యుమెంటరీ ఫొటోకు ఆ విఘ్నమే ప్రాణం. ‘భోపాల్, 1984’ అన్న రెండు మాటలు కింద లేకపోతే ఆ ఫొటో చేయవలసిన పని చేయదు. కళాత్మక ఫొటో ఆ రెండు మాటలనూ మెల్లగా తుడిచేయాలని చూస్తుంది. ఊరూ పేరూ పోయాక మిగిలే భావం దానికి కావాలి. ప్రేక్షకుల రుచులు రెండుగా చీలేది ఇక్కడే అనిపిస్తుంది. ఒకరికి దుఃఖం చిరునామాతో సహా కావాలి. మరొకరికి చిరునామా అడ్డు. ఎవరి కన్ను ఎక్కువ సున్నితం అన్న పోటీ దీనిలో లేదు. ఫొటోలోని మనిషికి తాము ఏమవుతామన్న విషయంలో వారి నమ్మకాలు వేరు.

రెండో విఘ్నానికి ఫొటోగ్రఫీ చరిత్రలో ఒక మంచి ఉదాహరణ ఉంది. ఫ్రెంచి ఆలోచనాపరుడు రోలాఁ బార్త్ తల్లి పోయాక ఆమె పాత ఫొటోలు తిరగేస్తూ, ఆమె చిన్నపిల్లగా ఉన్న ఒక ఫొటో దగ్గర ఆగిపోయాడు. 1980లో వచ్చిన తన చివరి పుస్తకంలో చాలా పేజీలు ఆ ఫొటో చుట్టూనే తిరుగుతాయి. పుస్తకం నిండా ఎన్నో ఫొటోలు వేశాడు కానీ దాన్ని మాత్రం వేయలేదు. తనకు గాయం చేసిన ఆ ఫొటో పాఠకులకు వేయి మామూలు పాత ఫొటోల్లో ఒకటిగా కనిపిస్తుందని అతనికి తెలుసు. ఏ ఫొటోలోనైనా అందరికీ అర్థమయ్యే విషయం ఒకటి ఉంటుందని, చూసేవారిలో ఎవరో ఒకరిని ముల్లులా గుచ్చే చిన్న వివరం మరొకటి ఉండవచ్చని అతని వాదన. ఆ ముల్లు ఎవరికి ఎక్కడ గుచ్చుకుంటుందో తీసినవారు నిర్ణయించలేరు. మన ఇళ్ళల్లో గోడకు వేలాడే, పసుపుపచ్చబడిన పెళ్ళి ఫొటో కూడా అంతే. బంధువు కానివాడికి అందులో రెండు బిగుసుకున్న ముఖాలు తప్ప ఏమీ కనిపించవు.

అయితే ఫొటోలో ఉన్న మనిషికి ఏమి కనిపిస్తుంది?

1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీ కోతల కూలీల గుడారాల్లో ఫొటోగ్రాఫర్ డొరతియా లాంగ్ ఒక తల్లిని ఫొటో తీశారు. ఇద్దరు పిల్లలు చెరో భుజం మీదా ముఖం దాచుకున్నారు, ఒడిలో పసిబిడ్డ, తల్లి చెయ్యి చెంప దగ్గర, చూపు ఎక్కడో దూరాన. ప్రపంచంలో ఎక్కువమంది చూసిన ఫొటోల్లో ఇది ఒకటి. అమెరికా ఆర్థిక మాంద్యానికి ముఖం ఏదంటే దీన్నే చూపిస్తారు. ముందుభాగంలో గుడారపు కర్రను పట్టుకున్న బొటనవేలు ఒకటి ఫొటోలో పడింది. అది కూర్పును చెడగొడుతోందని లాంగ్ తర్వాత నెగటివ్ మీద దాన్ని కనిపించకుండా చేయించారు. ప్రభుత్వ పథకం కోసం సాక్ష్యంగా తీసిన ఫొటోలో ఆ పని తగదన్న అభ్యంతరం అప్పుడే వచ్చింది. ఒక బొటనవేలి దగ్గర డాక్యుమెంటరీకీ కళకూ మధ్య గీత ఎంత సన్ననిదో తెలిసిపోతుంది.

ఆ తల్లి పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్. ఆ పేరు లోకానికి తెలిసింది 1978లో, అంటే 42 ఏళ్ళ తర్వాత. ఆమె అమెరికా ఆదివాసుల్లో చెరోకీ జాతి స్త్రీ. ఆ ఫొటో తీయకుండా ఉండాల్సిందని, దానివల్ల తనకు పైసా రాలేదని ఆమె అన్నారు. కోట్లాదిమంది కళ్ళకు మాతృత్వపు మహత్తర ప్రతిమగా కనిపించినది ఆమెకు తన జీవితంలోని అతి దీనమైన ఒక పూట. ఆ పూట తర్వాత ఆమె పని చేసింది, పిల్లలను పెంచింది, కూలీల సంఘాల్లో పాల్గొంది. ఫొటో మాత్రం ఆమెను ఆ గుడారం ముందే కూర్చోబెట్టింది. 1983లో ఆమె జబ్బుపడి వైద్యానికి డబ్బు లేనప్పుడు పిల్లలు విజ్ఞప్తి చేశారు. ఆ ఫొటోను ప్రేమించిన అపరిచితుల నుంచి వేల డాలర్లు, కట్టలకొద్దీ ఉత్తరాలు వచ్చాయి. ఆ ఉత్తరాలు చదివాకే తల్లి ఫొటో పట్ల తమ మనసు మారిందని పిల్లలు చెప్పారు. రుచిభేదం గురించి రాసిన సిద్ధాంతాలన్నింటికన్నా ఈ సంగతి ఎక్కువ చెబుతుంది. ఆ కుటుంబానికి కావలసింది ఫొటో బాగుందన్న మెప్పు కాదు. చూసినవాళ్ళు తమ తల్లిని మనిషిగా గుర్తించారన్న ఆనవాలు. అది దొరికిన రోజున ఫొటో కూడా దగ్గరయింది.

జపాన్‌లోని మినమాటాలో చిస్సో సంస్థ రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి చేరింది. తల్లి గర్భంలోనే ఆ విషం సోకిన బాలిక తొమోకో. 1971లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ ఆమెను స్నానాల గదిలో, తల్లి చేతుల్లో ఫొటో తీశాడు. ఒక పక్క నుంచి వెలుగు పడుతోంది. కూతురి వంకర తిరిగిన అవయవాల మీద నుంచి తల్లి చూపు కదలడం లేదు. ఆ చూపులో జాలి కనిపించదు, ప్రేమ ఒక్కటే ఉంది. శిలువ మీద నుంచి దించిన క్రీస్తును ఒడిలో పెట్టుకున్న మేరీమాత శిల్పాలతో దీన్ని పోల్చనివారు లేరు. తల్లిదండ్రుల అనుమతితోనే తీసిన ఫొటో ఇది. లోకానికి తెలియాలనే వారు ఒప్పుకున్నారు, లోకానికి తెలిసింది కూడా. తొమోకో 1977లో చనిపోయింది. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆమె దేహం పత్రికల్లో, ప్రదర్శనల్లో, గోడపత్రాల మీద కనిపిస్తూనే ఉంది. ఇక ఆమెకు విశ్రాంతి ఇవ్వాలని తల్లిదండ్రులు కోరుకున్నారు. మినమాటాలో యూజీన్‌తో కలిసి పనిచేసిన, ఫొటో హక్కులు ఉన్న ఐలీన్ స్మిత్ 1998లో దాన్ని ఇకపై కొత్తగా ప్రచురించకూడదని నిర్ణయించారు. చాలా ఏళ్ళపాటు ఆ నిర్ణయం అమలులో ఉంది.

ఒక మహత్తర చిత్రం లోకానికి దూరమైందని విచారించిన కళాభిమానులు ఉన్నారు. వారి విచారం కూడా నిజమైనదే. ఆ ఫొటో ఎందరి మనసులనో కదిలించింది, మినమాటా బాధితుల పోరాటానికి బలమైంది. అయినా ఇక్కడ తూకం తల్లిదండ్రుల వైపే మొగ్గాలి. సాధారణీకరణం పేరిట తమ బిడ్డను లోకమాత ఒడిలోని బిడ్డగా మార్చేసిన ప్రేక్షకుల ముందు, ఆమె తొమోకో అని చెప్పుకునే హక్కు వారికి ఉంది.

దుఃఖాన్ని అందంగా చూపవచ్చా అన్న వివాదం సెబాస్టియావో సాల్గాడో విషయంలో మరీ ముదిరింది. బ్రెజిల్‌కు చెందిన ఆయన ముందు ఆర్థికవేత్త. ఆఫ్రికాలోని సహేల్ కరువు, బ్రెజిల్‌లోని సెర్రా పెలాదా బంగారు గనిలో చీమల్లా నిచ్చెనలెక్కే వేలమంది కూలీలు, ధన్‌బాద్ బొగ్గు గనుల కార్మికులు ఆయన నలుపు తెలుపు ఫొటోల్లో పురాణ పాత్రల్లా కనిపిస్తారు. 1991లో ఇంగ్రిడ్ సిషీ అనే విమర్శకురాలు న్యూయార్కర్ పత్రికలో తీవ్రంగా రాశారు. అందం మెచ్చుకోమంటుందే తప్ప కదలమనదని, విషాదాన్ని సుందరం చేస్తే చూసేవాడు చేతులు కట్టుకుని నిలబడతాడని ఆమె అభియోగం. పేదవాడిని అందవిహీనంగా చూపడమే నిజాయితీ ఎందుకవుతుందని సాల్గాడో పక్షం వహించినవారు అడిగారు. ఆ ప్రశ్న బలమైనది. రాజుల ముఖాల మీద పడే వెలుగు కూలివాడి ముఖం మీద పడితే మాత్రమే అనుమానం ఎందుకు వస్తోంది? ఆయన మీద వచ్చిన విమర్శల్లో నిలిచేది మరొకటి: ఆ ఫొటోల్లో చాలామందికి పేర్లు లేవు. గనిలోని ఆ వేలమందిలో ఏ ఒక్కరినీ మనం పేరు పెట్టి పిలవలేం. అందం అపరాధం కాదు. పేరు లేని అందం మాత్రం ఆలోచించవలసిన సంగతి.

రంగు విషయానికి వస్తే, మన దేశంలో దీని మీద గట్టిగా నిలబడి వాదించిన మనిషి రఘువీర్ సింగ్. 1942లో జైపూర్‌లో పుట్టి 1999లో న్యూయార్క్‌లో మరణించిన ఆయన జీవితమంతా రంగుల్లోనే ఫొటోలు తీశారు. కళాత్మక ఫొటోగ్రఫీ అంటే నలుపు తెలుపే అని పాశ్చాత్య ప్రపంచం నమ్మిన రోజుల్లో ఆయన ఈ దారి పట్టారు. 1976లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం విలియం ఎగల్‌స్టన్ రంగుల ఫొటోలను ప్రదర్శిస్తే, హిల్టన్ క్రేమర్ అనే పేరున్న విమర్శకుడు అవి పరమ సాధారణమని, విసుగు పుట్టించేవని కొట్టిపారేశాడు. ఈనాడు అదే ప్రదర్శన ఫొటోగ్రఫీ చరిత్రలో మలుపుగా పాఠాల్లో ఉంది. ఒక తరం విసుగు మరో తరానికి ఇంపు కావడానికి పెద్దగా కాలం పట్టదు. రఘువీర్ సింగ్ వాదన ఇంకా లోతైనది. నలుపు తెలుపు పాశ్చాత్యుల అపరాధభావంతో, మృత్యుచింతతో ముడిపడినదని, భారతీయుడి భావలోకం రంగులోనే ఊపిరి తీస్తుందని ఆయన అన్నారు.

ఈ మాటలో సగం వెంటనే ఒప్పుకోబుద్ధి అవుతుంది. బతుకమ్మను నలుపు తెలుపులో ఎవరు చూస్తారు? తంగేడు పసుపూ గునుగు తెలుపూ పోతే అది పూల కుప్ప, పండుగ కాదు. తెలంగాణ పల్లెను, బతుకమ్మను ఫొటోల్లో నిలిపిన భరత్ భూషణ్ చిత్రకారుడు కూడా కావడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. మిగతా సగం మాత్రం నిలవదు. రంగు ఉత్సవానికే, నలుపు చావుకే అని పంచిపెట్టడం భోపాల్ దగ్గర కూలిపోతుంది. అక్కడ చావు రంగుల్లోనే ఎక్కువ దగ్గరగా వచ్చింది. పైగా నలుపు తెలుపు మనకు పరాయిదీ కాదు. మొన్నమొన్నటి దాకా మన తాతల ముఖాలన్నీ మనకు అందులోనే దొరికాయి. రఘు రాయ్ నలుపు తెలుపు ఫొటోలు భారతీయం కావని అనగలిగినవారు ఎవరు?

రంగు గురించిన మాటల్లో పడి మరిచిపోకూడని ఫొటో ఇంకొకటి ఉంది. పెషావర్ దగ్గర శరణార్థి శిబిరంలో అమెరికన్ ఫొటోగ్రాఫర్ స్టీవ్ మెకరీ తీయగా, 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రఫిక్ ముఖచిత్రంగా వచ్చిన ఆకుపచ్చ కళ్ళ అఫ్గాన్ బాలిక. ఆ కళ్ళలో ప్రపంచం యుద్ధ భయాన్ని చదివింది, దిక్కులేనితనాన్ని చదివింది, వ్యాసాలు రాసింది. 2002లో ఆ పత్రికవారే ఆమెను వెతికి పట్టుకున్నారు. పేరు షర్బత్ గులా. ఆ పూట ఆమెకు గుర్తున్నది కోపం. పరాయి మగవాడు ఎదురుగా నిలిచి ఫొటో తీస్తున్నందుకు వచ్చిన కోపం. పదిహేడేళ్ళపాటు కోట్లమంది ఆమె ముఖంలో తమకు కావలసిన భావాన్ని చదువుకున్నారు. ముఖంలోని భావం ఫొటోలో భద్రంగా ఉందనుకుంటాం. ఫొటోలో ఉన్నది వెలుగు మరక, భావం మనం తెచ్చిపెట్టేది. తెచ్చిపెట్టడం తప్పు కాదు, అది లేనిదే చూపే లేదు. అయితే తెచ్చిపెట్టిన భావాన్ని ఆమెదిగా చెప్పుకోవడం వేరు. 2016లో మెకరీ ఫొటోలు కొన్నింటిలో మనుషులనూ వస్తువులనూ కంప్యూటర్‌లో తొలగించిన సంగతి బయటపడినప్పుడు, తాను పత్రికా ఫొటోగ్రాఫర్‌ను కాదని, దృశ్య కథకుణ్ణని ఆయన చెప్పుకున్నారు. కథకుడు కథకు అడ్డమైన మనిషిని తీసేయవచ్చు. కానీ ఆయన ఫొటోలను అందరూ సాక్ష్యాలుగా నమ్మే చూశారు.

భావమే లేని ఫొటోలను ఇష్టపడేవారి మాట కూడా చెప్పాలి. మన దగ్గర చాలామంది ఈ రకం ఫొటోల ముందు ‘ఇందులో ఏముంది?’ అని ఆగిపోతారు. జర్మనీకి చెందిన బెర్న్డ్, హిల్లా బెకర్ దంపతులు 1959 నుంచి దశాబ్దాలపాటు నీళ్ళ ట్యాంకులను, కొలుములను, గనుల పైకట్టడాలను ఫొటోలు తీశారు. మబ్బు పట్టిన ఆకాశం, నిటారు కోణం, మనిషి నీడ కూడా లేదు. ఒకే రకం కట్టడాలు పక్కపక్కనే గడుల్లా పేర్చి చూపించారు. 1990 వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో వారికి వచ్చిన బహుమతి శిల్ప విభాగంలోది కావడం గమనించదగ్గది. వారి శిష్యుడు ఆండ్రియాస్ గుర్‌స్కీ 1999లో చేసిన రైన్ నది ఫొటోలో పచ్చిక, ఒక సన్నని బాట, నీరు, పచ్చిక, ఆకాశం తప్ప ఏమీ లేవు. అవతలి గట్టు మీది కట్టడాన్ని కంప్యూటర్‌తో తుడిచేశారు. 2011లో అది 43 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

ఆ ధరను చూసి కొట్టిపారేయడం తేలిక. శాంతం అసలు రసమేనా అన్న వాదం మన ఆలంకారికుల్లోనూ జరిగింది. భరతుడు చెప్పిన ఎనిమిది రసాలకు తొమ్మిదోదిగా శాంతాన్ని అభినవగుప్తుడు గట్టిగా నిలబెట్టాడు. దశరూపకం రాసిన ధనంజయుడు నాటకంలో దానికి చోటు లేదన్నాడు. అన్ని కదలికలూ అణగిపోయిన స్థితిని రంగం మీద ఎలా ఆడి చూపిస్తారన్నది ఆ పక్షం అభ్యంతరం. బెకర్ దంపతుల ఫొటోల ముందు నిలబడి పెదవి విరిచేవారి అభ్యంతరం కూడా దాదాపు అదే. కాసేపు ఆగి చూస్తే మాత్రం, కొద్ది ఏళ్ళలో కూల్చివేతకు పోబోతున్న ఆ ఇనుప కట్టడాల్లో ఒక్కొక్కదానికీ ఒక్కో ముఖం కనిపించడం మొదలవుతుంది. ఎవరూ ఏడవని చోట కూడా వియోగం ఉంటుంది. ఆ రుచి అందరికీ అలవడకపోవచ్చు. అయితే దానిలో ఎవరికీ నష్టం లేదు. నీళ్ళ ట్యాంకుకు పరువు లేదు, దానికి పిల్లలు లేరు. కాళిదాసు మాట నిండుగా సరిపోయే చోటు ఇదే.

ఇక తెలుగువారికి దగ్గరి ఫొటోలు కొన్ని ఉన్నాయి. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని తుడిచిపెట్టిన కరువును రాయలసీమ పెద్దలు ధాత కరువు అన్నారు. బళ్ళారి, కడప, కర్నూలు జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. దక్షిణ భారతం మొత్తం మీద 50 లక్షలమందికి పైగా చనిపోయారని అంచనా. మద్రాసు సైన్యంలో అధికారి అయిన విలోబీ వాలెస్ హూపర్ ఆ కరువు బాధితులను ఫొటోలు తీశాడు. ఎముకల గూళ్ళలాంటి స్త్రీలు, పురుషులు, పిల్లలు. వారిని కూర్చోబెట్టి, నిలబెట్టి, కుటుంబాలుగా గుంపులుగా అమర్చి తీశాడు. ఆ రోజుల్లో కెమెరా ముందు కదలకుండా ఉండాలి. నిలబడలేనివారు ఒకరికొకరు ఆనుకుని ఉన్నారు. ఇదే మనిషి 1886లో మాండలేలో బర్మా ఖైదీలను కాల్చి చంపే క్షణాన్ని కెమెరాలో పట్టాలని చూసి, బ్రిటిష్ పత్రికల్లోనూ పార్లమెంటులోనూ దుమారానికి కారణమై విచారణ ఎదుర్కొన్నాడు.

హూపర్ కరువు ఫొటోలు నేడు మ్యూజియంల సేకరణల్లో ఉన్నాయి. కొందరికి అవి వలసపాలన మీద తిరుగులేని సాక్ష్యం. కొందరికి అవి సాక్ష్యం పేరిట జరిగిన రెండో అవమానం. రెండు మాటలూ నిజమే. ఇంకొకటి కూడా ఉంది: ఎంత భావోద్వేగం కలిగించినా ఆ ఫొటోలు కారణం చెప్పవు. 1877లో సహాయ పనులకు వచ్చిన మగవాడి రోజు కూలీని ఒక పౌను ధాన్యానికి, ఒక అణాకు తగ్గించారు. ఆ ఉత్తర్వు ఫొటోలో పడదు. పడిందల్లా పక్కటెముకలు.

ఆ తర్వాత పట్టుమని పదేళ్ళకే సికింద్రాబాద్‌లో రాజా దీన్ దయాళ్ స్టూడియో వెలసింది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ ఆయన. ఉమ్రావులు తమకు నచ్చిన దుస్తుల్లో, నచ్చిన భంగిమలో వచ్చి కూర్చున్నారు. పరదా స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ళే నడిపే ప్రత్యేక స్టూడియో కూడా తెరిచారు. ఎవరు తమను చూడాలో, ఎలా చూడాలో నిర్ణయించుకునే వీలు వారికి ఉంది. వారి పేర్లు, బిరుదులు మిగిలాయి.

హూపర్ ఫొటోలలో ఒకదాని ఇంగ్లీషు శీర్షికకు ‘ఉచిత సహాయానికి అర్హులు’ అని అర్థం. అందులో ఎవరి పేరూ లేదు, ఎవరి ఊరూ లేదు. దాన్ని చూస్తున్న కర్నూలు మనిషికో కడప మనిషికో, ఆ వరుసలో తమ ముత్తవ్వ గాని ముత్తాత గాని కూర్చుని ఉన్నారేమో తెలుసుకునే దారి ఎవరూ మిగల్చలేదు.